క్వాంటమ్ అనీలింగ్ మామూలు అనీలింగ్ కన్నా నిజంగా మెరుగా?

సమస్యను బట్టి ఉంటుంది. రెండూ లెక్కలేనన్ని జవాబుల్లోంచి మేలైనదాన్ని వెతికే పద్ధతులే. మామూలుది అంటే 1983లో కిర్క్‌ప్యాట్రిక్ బృందం ప్రతిపాదించిన సిమ్యులేటెడ్ అనీలింగ్. అది చేతిలో ఉన్న జవాబును కొద్దికొద్దిగా మారుస్తూ, మొదట్లో చెడ్డ మార్పులనూ ఒప్పుకుంటుంది. కృత్రిమ ఉష్ణోగ్రత (ఆ ఒప్పుకోలును అదుపుచేసే అంకె) తగ్గేకొద్దీ మొండికేస్తుంది. మంచి జవాబుకు పోయే దారిలో అడ్డొచ్చిన గుట్టను, అంటే మధ్యలోని చెడ్డ జవాబులను, ఎక్కే దాటాలి. 1998లో కడోవాకి, నిషిమోరి వివరించిన క్వాంటమ్ పద్ధతిలో ఉష్ణోగ్రతకు బదులు అయస్కాంత క్షేత్రాన్ని మెల్లగా తగ్గిస్తారు. టనెలింగ్ (అడ్డును ఎక్కకుండానే దాటే క్వాంటమ్ గుణం) వల్ల గుట్టలోంచే అవతలికి పోవచ్చు. గుట్ట ఎత్తుగా, సన్నగా ఉంటేనే లాభం. వెడల్పుగా ఉంటే పాత పద్ధతే నయం.

డీ-వేవ్ కంపెనీ క్వాంటమ్ అనీలింగ్ యంత్రంపై గూగుల్ పరిశోధకులు చూపిన 10 కోట్ల రెట్ల వేగాన్ని చాలామంది ఉదహరిస్తారు. ఆ పోలిక మామూలు ప్రాసెసర్‌లో ఒకే కోర్ మీద నడిచిన సిమ్యులేటెడ్ అనీలింగ్‌తో, అదీ టనెలింగ్‌కు అనువుగా అల్లిన సమస్యల మీద! డెలివరీ రూట్ల లాంటి పనికైతే నేను ముందు మామూలు కంప్యూటర్‌నే వాడతాను. క్వాంటమ్ చిప్‌లో ప్రతి క్యూబిట్‌కూ (క్వాంటమ్ బిట్‌కూ) కలిసే పొరుగు క్యూబిట్లు కొన్నే కాబట్టి, ఒక్కో చలరాశికి అనేక క్యూబిట్లు ఖర్చవుతాయి.