ఫాలోవర్లు లక్షమంది ఉంటే ట్రేడర్‌ని నమ్మొచ్చా?

రాజాంలో ఉన్న మీ తమ్ముడు ఇన్‌స్టాలో లక్షమంది ఫాలోవర్లున్న ఒక కుర్రాడి దగ్గర ఇరవై వేలు కట్టి ఆప్షన్స్ (షేర్లు, సూచీలు పెరుగుతాయా పడతాయా అని ముందే లెక్కేసి ఆడే ట్రేడింగ్) కోర్సులో చేరతానంటున్నాడు, "అంతమంది ఊరికే ఫాలో అవుతారా?" అని వాదిస్తున్నాడు, ఏం చెప్పాలి అని అడిగారు.

ఊరికే అవ్వరు, నిజమే. వీడియో బాగుంటే అవుతారు. అతని ట్రేడింగ్ ఎలా ఉందో మాత్రం వాళ్లకి కనపడదు. నాకు కనపడుతుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఐటీ రిటర్నులు వేయడం నా పని. జూలై వచ్చిందంటే బ్రోకర్ సైట్ నుంచి దించుకున్న టాక్స్ పీ అండ్ ఎల్ (ఏడాది లాభనష్టాల లెక్క) పట్టుకుని కుర్రాళ్లు వరస కడతారు.

వాళ్లలో ఒకతను ఇలాంటి పేరున్నవాడే. ఎవరో చెప్పడం ధర్మం కాదు. రీల్స్‌లో కారు స్టీరింగ్ మీద చెయ్యేసి మాట్లాడతాడు. ఫైలు తెరిస్తే ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) షీటు కింద మొత్తం మైనస్. పన్ను కోతలు కనపడే ఫారం 26ఏఎస్‌లో మాత్రం కమీషన్ మీద కోసిన టీడీఎస్, వరసగా. అతని లింకు నొక్కి డీమ్యాట్ తెరిచినవాళ్లు ఆర్డరు కొట్టినప్పుడల్లా బ్రోకరేజీలో ఇతనికి వాటా. అవతలివాడు గెలిచినా ఓడినా ఆ వాటా ఆగదు. "ఏటి బావూ, ట్రేడింగ్ మీద ఏమీ రాలేదా?" అంటే, "అది ఇంకా సెట్ అవ్వలేదు మావయ్యా, ఇదైతే నెలనెలా వస్తోంది" అన్నాడు. నా దగ్గర అబద్ధమాడలేదు పాపం. రిజిస్ట్రేషన్ లేకుండా సలహాలిచ్చే వాళ్లతో బ్రోకర్లు ఇలాంటి సంబంధాలు పెట్టుకోకూడదని 2024లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కట్టడి చేసింది. ఇప్పుడు అందరూ కోర్సుల మీద పడ్డారు.

లాభాలొచ్చాయని ఇలాంటివాళ్లు పెట్టే స్క్రీన్‌షాట్ల సంగతీ వినండి. తన పేరున ఒక అకౌంటు, భార్య పేరున ఇంకోటి. ఇందులో కాల్ (మార్కెట్ పెరిగితే లాభం) కొంటారు, అందులో పుట్ (పడితే లాభం). మార్కెట్ ఎటు గట్టిగా కదిలినా సాయంత్రానికి ఏదో ఒకటి పచ్చగా ఉంటుంది, అదే స్టోరీలో పెడతారు. బ్రోకర్ ఇచ్చే వెరిఫైడ్ పీ అండ్ ఎల్ లింకు కొంత నయమే గానీ, అదీ ఒక్క అకౌంటుదే.

సెబీ 2024 సెప్టెంబరులో లెక్కలు బయటపెట్టింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ ఆడిన కోటికి పైగా మామూలు జనంలో 93 శాతం నష్టపోయారు. పోయింది 1.8 లక్షల కోట్లకు పైమాటే. వీళ్లలో కోర్సులు కొన్నవాళ్లు లేరనుకుంటామా?

మీ తమ్ముణ్ణి ఆ కుర్రాడి సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడగమనండి. రీసెర్చ్ అనలిస్ట్ అయితే ఐఎన్‌హెచ్ అని, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ అయితే ఐఎన్‌ఏ అని మొదలవుతుంది. సెబీ సైట్లో కొట్టి పేరు సరిపోతుందో చూడాలి. నంబరుంటే లాభాలొస్తాయని కాదు, తేడా వస్తే ఫిర్యాదు పెట్టడానికి స్కోర్స్ పోర్టల్ ఉంటుంది, అంతే. "నేను సలహా ఇవ్వను, చదువు మాత్రమే చెప్తా" అంటాడేమో. చదువు మాత్రమే చెప్పేవాళ్లు గత మూడు నెలల మార్కెట్ ధరలు వాడకూడదని 2025 జనవరిలో సర్క్యులర్ వచ్చింది. పొద్దున్నే టెలిగ్రామ్‌లో "ఈ స్ట్రైక్ కొను, ఇక్కడ స్టాప్‌లాస్" అంటే అది చదువెలా అవుతుంది?

ఇంకా గట్టిగా అడగాలంటే ఏడాది మొత్తం టాక్స్ పీ అండ్ ఎల్, ఇంట్లోవాళ్ల అకౌంట్లతో సహా చూపించమనండి. నిజంగా సంపాదిస్తున్నవాడికి అది దించడం రెండు నిమిషాల పని.

మీవాడు ఇప్పటికే ఆప్షన్స్‌లో పోగొట్టుకుని ఉంటే, తిట్టకుండా ఆ కాగితాలు తెప్పించండి. గడువులోగా ఐటీఆర్-3 (వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు వేసే రిటర్ను) వేస్తే ఎఫ్ అండ్ ఓ నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లి, తర్వాత వచ్చే వ్యాపార లాభంలో తగ్గించుకోవచ్చు. మా వైపు చాలామంది ఇంట్లో తెలుస్తుందని భయపడి అదీ వేయరు.