ప్రోటోకాల్ పరీక్షలో చిక్కుకుంటే సాయం అడిగే పద్ధతి

చిరంజీవి శ్రావణికి,

బాబాయి ఆశీస్సులు. మీ పరీక్షలో బీజీపీ (రౌటర్లు ఒకదానికొకటి దారులు, అంటే రూట్లు, చెప్పుకునే ప్రోటోకాల్) సెషన్ లేస్తోందనీ, రూట్లు పంపడం మొదలుపెట్టాక కాసేపటికే పడిపోతోందనీ, ఎవరిని అడిగినా జవాబు రాలేదనీ రాశావు. నువ్వు వాళ్లకు పంపిన సందేశం కూడా చదివాను. అందులో నీ కంగారు ఉంది, అవతలి రౌటర్ టైమర్ తప్పు అన్న నీ తీర్పు ఉంది. తీగ మీద ఏం జరిగిందో మాత్రం లేదమ్మా. ఈ రంగంలో అనుభవం ఉన్నవాళ్లు సాయానికి వెనుకాడరు, కానీ వాళ్లకు చూడటానికి ఏదో ఒకటి ఉండాలి.

ముందు రెండు వైపులా ప్యాకెట్లు పట్టు. రెండు యంత్రాల గడియారాలూ ఎన్‌టీపీతో (సమయం సరిచేసే ప్రోటోకాల్‌తో) కలిపి, సెషన్ లేవకముందే ప్యాకెట్లు రికార్డు చేసే టీసీపీడంప్ మొదలుపెట్టి, పడిపోయిన తర్వాతే ఆపు. ఒక వైపు క్యాప్చర్, అంటే పట్టిన ప్యాకెట్ల రికార్డు, ఎందుకు చాలదో నీ సమస్యే చెబుతుంది. నీ వర్ణన చదవగానే నా అనుమానం ఎంటీయూ మీదికి, అంటే దారి మోయగల ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం మీదికి, వెళ్లింది. ఇంకా ఉన్నానని చెప్పే కీప్‌అలైవ్ సందేశం 19 బైట్లే, సెషన్ మొదలుపెట్టే ఓపెన్ కూడా చిన్నదే, కాబట్టి అవి ఏ దారిలోనైనా వెళ్లిపోతాయి. రూట్లతో నిండిన అప్‌డేట్ మాత్రం 4096 బైట్ల దాకా ఉండవచ్చు. దారిలో ఏదైనా టన్నెల్ 1500 బైట్ల ప్యాకెట్‌ను మోయలేక పారేసి, ఆ సంగతి చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని ఫైర్‌వాల్ ఆపేస్తే, బీజీపీ సందేశాలను వరుస తప్పకుండా చేరవేసే నీ టీసీపీ అదే ముక్కను మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది. దాని వెనక బయలుదేరిన కీప్‌అలైవ్‌లు అవతలికి చేరినా, ముందున్న ముక్క రానిదే అక్కడి టీసీపీ వాటిని బీజీపీకి అందించదు. హోల్డ్ టైమ్ (సందేశం కోసం ఆగే గడువు) 90 సెకన్లయితే, అది గడవగానే అవతలి రౌటర్ గడువు దాటిందని చెప్పే కోడ్ 4తో నోటిఫికేషన్ పంపి సెషన్ మూసేస్తుంది. అలా చేయడం దాని ధర్మం.

నీ క్యాప్చర్‌లో పెద్ద ప్యాకెట్ వెళ్లినట్టు, అవతలి దానిలో రానట్టు కనిపిస్తే చాలావరకు తేలిపోయినట్టే. లినక్స్‌లో ముక్కలు చేయవద్దన్న గుర్తు పెట్టి 1472 బైట్ల పింగ్ పంపి చూడు. హెడర్లు 28 బైట్లు కలిస్తే సరిగ్గా 1500 అవుతుంది. ఇంకో మాట: నీ యంత్రం నుంచి బయటికి వెళ్లే ప్యాకెట్లకు చెక్‌సమ్ (డేటా చెడిందా అని చూసే లెక్క) తప్పని, క్యాప్చర్‌ను విప్పి చూపే వైర్‌షార్క్ చూపితే బెదిరిపోకు. ఆ లెక్క తర్వాత నెట్‌వర్క్ కార్డు వేస్తుంది. దాన్ని బగ్‌గా రాసి పంపితే చూసేవాళ్ల సమయం వృథా అవుతుంది.

నా ఊహ తప్పితే సమస్యను కుదించు. మధ్యలో ఏమీ లేకుండా రెండు యంత్రాలు కలిపి, ఒక్క రూట్‌తో మొదలుపెట్టు. అవతలి వైపు బీజీపీ నడిపే సాఫ్ట్‌వేర్లలో ఎఫ్‌ఆర్‌రౌటింగ్ పెట్టి ఒకసారి, బర్డ్ పెట్టి ఒకసారి చూడు. రెండింటితోనూ అదే తంతు అయితే తప్పును ముందు మీ కోడ్‌లోనే వెతకాలి. ప్యాకెట్ల ఆలస్యం, నష్టం కావాలంటే లినక్స్‌లోని నెట్‌ఎమ్‌తో నువ్వే పుట్టించవచ్చు. నాకు అన్నిటికన్నా విలువైన పని ఇదే. చాలాసార్లు కుదిస్తున్నప్పుడే జవాబు దొరుకుతుంది, అడగాల్సిన అవసరమే ఉండదు.

అప్పటికీ అడగాల్సి వస్తే, ఏం చేశావు, ఏం జరగాలనుకున్నావు, ఏం జరిగింది అన్న మూడూ విడివిడిగా రాయి. వెర్షన్లు, కాన్ఫిగరేషన్, క్యాప్చర్‌లో చూడాల్సిన ప్యాకెట్ నంబరు ఇవ్వు. "జరగాలనుకున్నది" అన్నచోట బీజీపీ ప్రమాణపత్రమైన ఆర్‌ఎఫ్‌సీ 4271లోని విభాగం చూపించు. హోల్డ్ టైమర్ సంగతి 6.5లో ఉంది. అక్కడి వాక్యం తప్పనిసరి అంటోందా, వీలైతే మంచిదంటోందా అన్నది, అలాంటి మాటలకు అర్థం చెప్పే ఆర్‌ఎఫ్‌సీ 2119 ప్రకారం చూసుకో. తప్పనిసరి కానిదాన్ని చేయలేదని అవతలివాళ్ల మీద బగ్ వేయకూడదు. 4271కి నమోదైన సవరణలు కూడా చదువు.

ఎవరిని అడుగుతున్నావో కూడా ఆలోచించు. ఎఫ్‌ఆర్‌రౌటింగ్ ప్రవర్తన గురించి దాని రచయితలనే అడగాలి. ప్రమాణంలోని వాక్యానికే రెండు అర్థాలు వస్తున్నాయనిపిస్తే ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే సంస్థ ఐఈటీఎఫ్‌లో బీజీపీని చూసే ఐడీఆర్ బృందం ఉంది.

క్యాప్చర్‌ను ఆఫీసు అనుమతి లేకుండా బయటికి పంపకు. అందులో కస్టమర్ల చిరునామాలు ఉంటాయి, కాన్ఫిగరేషన్‌లో పాస్‌వర్డ్‌లు ఉంటాయి. వీలైతే పరీక్షనే 192.0.2.0/24 లాంటి ఉదాహరణల చిరునామాలతో, ఉదాహరణలకే కేటాయించిన 64496 నుంచి 64511 దాకా ఏఎస్ నంబర్లతో (బీజీపీలో ఒక్కో నెట్‌వర్క్‌ను గుర్తించే అంకెలతో) మళ్లీ నడిపి ఆ క్యాప్చర్ ఇవ్వు. పాత దానిలో అంకెలు చేత్తో మార్చడం కన్నా అది ఎంతో నయం.

జవాబు దొరికాక, సాయం చేసినవాళ్లకు కారణం ఏమిటో రాసి పంపు. ఆ కారణాన్నే మీ పరీక్షల్లో ఒకటిగా చేర్చు. ముందుగా రెండు వైపుల క్యాప్చర్లూ సిద్ధం చెయ్యి. ఆఫీసులో ఒప్పుకుంటే ఆదివారం ఇద్దరం కలిసి చూద్దాం.

ప్రేమతో,
బాబాయి