‘బ్రౌన్‌ఫీల్డ్’ చదువుతానంటున్నారు, ఏ దేశపు బ్రౌన్‌ఫీల్డ్?

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాను. పీజీకి అమెరికాలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్, ఇంగ్లండ్‌లో టౌన్ ప్లానింగ్ చూస్తున్నాను. రెండింటిలోనూ ‘బ్రౌన్‌ఫీల్డ్’ పేపర్ ఉంది. రెండూ ఒకటేనా? కెమిస్ట్రీ అంటే నాకు మొదటి నుంచీ పడదు.

జవాబు: మాట ఒకటే గానీ పని వేరు. ఫీజు కట్టకముందే అడిగి మంచి పని చేశారు.

1970లలో ఉక్కు పరిశ్రమవాళ్ల నోట ఈ మాట వినిపించేది. ఖాళీ నేలలో కొత్త ప్లాంట్ కడితే గ్రీన్‌ఫీల్డ్, ఉన్నదాన్నే పెంచితే బ్రౌన్‌ఫీల్డ్. అందులో కాలుష్యం ప్రసక్తే లేదు. 1980లో అమెరికాలో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. నేలను పాడుచేసింది ఎవరైనా సరే, శుభ్రం చేసే ఖర్చు ఇప్పటి యజమాని నెత్తిన పడొచ్చు. దాంతో మూతపడ్డ ఫ్యాక్టరీల స్థలాలంటే కొనేవాళ్లు జంకారు. 1990లలో అలాంటి స్థలాలకే ఈ పేరు స్థిరపడింది. 2002 నాటి చట్టం ప్రకారం హానికర పదార్థం ఉన్నందువల్లనే కాదు, ఉండొచ్చన్న అనుమానంతో మళ్లీ వాడుకోవడం చిక్కుగా మారిన స్థలమూ బ్రౌన్‌ఫీల్డే. ఆ అనుమానాన్ని తేల్చడమే అక్కడ మీ ఉద్యోగం.

ఒక పాత పెట్రోల్ బంకు అనుకోండి. స్థలం తనిఖీలో మొదటి దశ ఫేజ్ వన్. అందులో మట్టిని ముట్టుకోరు. పాత మ్యాపులు, యాజమాన్య రికార్డులు తిరగేస్తారు, స్థలమంతా నడిచి చూస్తారు. మూలన నేలలోంచి పొడుచుకొచ్చిన గొట్టం కనిపిస్తే కింద ట్యాంకు పూడ్చి ఉందేమోనని రాసుకుంటారు. అనుమానం బలపడితే ఫేజ్ టూ: డ్రిల్లింగ్, మట్టి, భూగర్భ జలాల నమూనాలు, ల్యాబ్ రిపోర్టు. ల్యాబ్‌లో మీరు కూర్చోకపోవచ్చు, కానీ ఆ రిపోర్టు చదవలేకపోతే ఈ వృత్తిలో నిలవలేరు.

ఇంగ్లండ్‌లో బ్రౌన్‌ఫీల్డ్ అంటే స్థూలంగా ఇంతకుముందే కట్టడాలున్న నేల. విషం ఉండనక్కర్లేదు. కలుషిత నేలకు అక్కడి చట్టంలో వేరే నిర్వచనం ఉంది. కొత్త ఇళ్లలో 60 శాతం ఇలాంటి నేల మీదా, పాత భవనాల మార్పుల ద్వారానూ రావాలని 2000లో లక్ష్యం పెట్టుకున్నారు. విచిత్రం ఏమిటంటే, ఇంటి వెనక గులాబీ తోట కూడా ఆ లెక్కలోకే వచ్చేది. తోటలు తవ్వి ఫ్లాట్లు కడుతున్నారని గొడవయ్యాక 2010లో పెరటి తోటలను నిర్వచనంలోంచి తీసేశారు. ఒక్క నిర్వచనం మారితే ఏ ఇంటి పక్కన ఏం లేస్తుందో మారిపోయే రంగం అది.

కెమిస్ట్రీ పడదన్నారు కాబట్టి నా మొగ్గు ఇంగ్లండ్ ప్లానింగ్ వైపే. అప్లై చేసేముందు రెండు యూనివర్సిటీలకూ మెయిల్ పెట్టి, ఆ పేపర్‌లో మట్టి నమూనాల ఫీల్డ్‌వర్క్ ఉందా, ప్లానింగ్ పర్మిషన్ల కేస్ స్టడీలు ఉన్నాయా అని అడగండి.