కొత్త థార్‌కి ముందు ఏం చేయించాలంటే

అల్లుడూ,

మహీంద్రా థార్ జీపు తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. నువ్వు పంపిన లిస్టు చూశాను. బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్టు, పెద్ద టైర్లు, పైన లైట్ బార్, రూఫ్ క్యారియర్, ముందు ఇనప బుల్ బార్. వీటిలో ఒక్కటీ ఇప్పుడు వద్దు. కంపెనీ ఇచ్చిన బండిని ఇచ్చినట్టే కొన్నాళ్లు అనంతగిరి, పాడేరు వైపు తిప్పి, ఎక్కడ ఆగిపోతోందో చూసుకుని, దాన్ని బట్టే డబ్బులు పెట్టు. కింద 226 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్న బండి అది. మన ఏజెన్సీ మట్టిదారుల్లో ఎత్తు చాలక ఆగడం తక్కువ, టైరుకి పట్టు దొరక్క ఆగడమే ఎక్కువ.

అందుకే మొదటి ఖర్చు టైర్ల మీద పెట్టు. మన కొండల్లో వాన పడ్డాక ఆ ఎర్రమట్టి జిగురు టైరు గాడుల్లో గట్టిగా పట్టేసి, చూస్తుండగానే కొత్త టైరు కూడా బోడి టైరులా నున్నగా అయిపోతుంది, ఇక నాలుగు చక్రాలూ తిరుగుతున్నా బండి మాత్రం పక్కకి జారుతూనే ఉంటుంది. కంపెనీ సైజులోనే, తారుకీ మట్టికీ రెండిటికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్లు వేయించు. బురద కోసమే చేసిన మడ్ టెర్రైన్ మట్టిలో ఇంకా బాగుంటుంది, నిజమే, కానీ నువ్వు రోజూ మధురవాడ నుంచి గాజువాక దాకా హైవే మీద తిరిగేవాడివి, తడి తారు మీద దానికి పట్టు తక్కువ, మోత ఎక్కువ. సైజు పెంచితే స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది, బ్రేకుల మీద, గేర్ల మీద అదనపు భారం పడుతుంది.

టైర్ల తర్వాత గాలి. ఒక మంచి గేజు, బ్యాటరీకి తగిలించే కంప్రెసరు కొనుక్కో, నీ లిస్టులో ఉన్నవాటన్నిటికంటే ఇవే ఎక్కువ పనికొస్తాయి. తారు రోడ్డు దిగగానే 20, 22 పీఎస్ఐకి దించు. టైరు కింద కాస్త పరుచుకుని నేలని ఎక్కువగా పట్టుకుంటుంది, రాళ్ల మీద కుదుపూ తగ్గుతుంది. మళ్లీ తారెక్కాక నింపకుండా స్పీడుగా వెళ్లావంటే టైరు వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. అలాగే ఎండిన తారు మీద ‘ఫోర్ హై’లో, అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం వెళ్లేలా పెట్టి, నడపకు, ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో తిరగాల్సి వచ్చి మలుపుల్లో లోపలి గేర్లు బిగుసుకుంటాయి. నిటారు బురద దిగుడులో ‘ఫోర్ లో’ (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా తిరిగే అమరిక) పెట్టి, ఒకటో గేరు వేసి క్లచ్ మీద నుంచి కాలు తీసెయ్, బండిని ఇంజనే పట్టుకుంటుంది.

ఇక బయటికి లాగే సామాను. సాగే రికవరీ తాడు ఒకటి, ఎంత బరువు ఆపుతాయో ముద్ర ఉన్న షాకిళ్లు (తాడుని హుక్కుకి కలిపే ఇనప కొక్కేలు) రెండు, ఒక పార. షాకిల్ పిన్నుని చేత్తో పూర్తిగా బిగించి పావు చుట్టు వెనక్కి తిప్పు, లేకపోతే లాగిన తర్వాత ఊడి రాదు. తాడు ఎప్పుడూ ఛాసిస్‌కి బిగించిన హుక్కుకే తగిలించు. ట్రైలర్ తగిలించే బంతికి కట్టారంటే నువ్వు ఒప్పుకోకు, అది విరిగి ఎగిరి మనుషులు చనిపోయిన సంఘటనలున్నాయి. తెగితే తాడు ఎగిరి కొట్టకుండా మధ్యలో ఒక తడి గోనెసంచి వెయ్యి, చుట్టూ చేరిన జనాన్ని దూరంగా పంపు. ఊళ్లోవాళ్లు సాయానికి పరుగెత్తుకొస్తారు కదా, వాళ్ల క్షేమం నీ బాధ్యతే. ఒంటరిగా మాత్రం వెళ్లకు, ఇంకో బండి లేనిదే ఈ సామానుకి సగం విలువ.

బుల్ బార్ సంగతి. వాటిని కేంద్రం 2017లోనే వద్దంది, ఎయిర్ బ్యాగ్ సెన్సార్లకీ అడ్డం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసిన వివరాలు మారేలా బండిని మార్చకూడదు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లకి అదే సాకు. పైన బరువు పెడితే పక్కవాటు దారిలో బండి పల్టీ కొట్టే అవకాశం పెరుగుతుంది, అందుకే బరువు సామానంతా కిందే, వెనక సీటుకి ఆనించి కట్టు. డబ్బు మిగిలితే కింద ఇంజన్‌కీ గేర్ బాక్సుకీ రాళ్లు తగలకుండా కాచే స్కిడ్ ప్లేట్ వేయించు.

గెడ్డ (కొండవాగు) దాటాల్సి వస్తే ముందు దిగి కాళ్లతో నడిచి చూడు. నువ్వు నిలబడలేని ప్రవాహంలోకి బండి దించకు. థార్ 650 మిల్లీమీటర్ల లోతు దాటుతుందని కంపెనీ చెప్పేది కదలని నీళ్ల గురించి, కొండ మీద వాన పడి ఉరికొచ్చే గెడ్డ గురించి కాదు. నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకు, సిలిండర్లోకి నీళ్లు వెళ్లి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ఇసుకలో నేర్చుకుందామని భీమిలి వైపు బీచ్‌లోకి దించకు, చలికాలం చివర్లో అక్కడ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఎర్రమట్టి దిబ్బల్లోకి అసలే వద్దు. సముద్రపు గాలికి మన ఊళ్లో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, ఛాసిస్ సందుల్లో మట్టి ఉండిపోతే ఇంకా త్వరగా. ట్రిప్పు నుంచి రాగానే కింద మంచినీళ్లతో కడిగించు.

టైర్లు కొనేటప్పుడు సైడ్ వాల్ మీద గుండ్రటి గీత మధ్య ఉన్న నాలుగంకెలు చూడు. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం, 1825 అంటే 2025లో 18వ వారం. పాత స్టాకు అంటగట్టబోతే తీసుకోకు. స్టెప్నీతో కలిపి ఐదూ ఒకే రకం తీసుకో. ఎప్పుడు వెళ్తావో ముందే ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

మీ మావయ్య