కెమిస్ట్రీ రీసెర్చ్‌కి పంపవచ్చా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి, కొబ్బరి వ్యాపారం. అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. పరిస్థితిని బట్టి పనితీరు మార్చుకునే ఉత్ప్రేరకాల (రసాయన చర్యల వేగం పెంచే పదార్థాల) గురించి చదివి, వాటి మీదే రీసెర్చ్ చేస్తానంటోంది. చుట్టాలంతా సీఎస్ఈ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మాయి మాట కొట్టిపారేయకండి. ఊక, చెరకు పిప్పి లాంటి వాటి నుంచి ఫర్ఫ్యురాల్ అనే రసాయనం తీస్తారు. దాన్ని అసిటోన్‌తో కలిపి చేసిన పదార్థం మీద జర్మనీ శాస్త్రవేత్తలు రుథేనియం అనే లోహంతో చేసిన ఉత్ప్రేరకాన్ని వాడి చూసి, 2021లో ఫలితాలు ప్రకటించారు. హైడ్రోజన్ మాత్రమే పంపితే ఆల్కహాల్ వచ్చింది. కార్బన్ డయాక్సైడ్ కూడా కలిపితే చర్య కీటోన్ అనే మరో పదార్థం దగ్గరే ఆగింది. ఆ వాయువు ఆపగానే మళ్లీ ఆల్కహాలే! ఒకే ఉత్ప్రేరకంతో రెండు సరుకులన్నమాట.

ఇలా మారే ఉత్ప్రేరకాల అవసరం కూడా పెరుగుతోంది. ఎరువుల ఫ్యాక్టరీల్లో అమ్మోనియా తయారుచేసే ఇనుప ఉత్ప్రేరకానికి రాత్రీపగలూ ఒకే వేడి, ఒకే ఒత్తిడి ఉంటాయి. అమ్మోనియాకి కావాల్సిన హైడ్రోజన్‌ను సోలార్ కరెంటుతో తీస్తే మధ్యాహ్నం ఎక్కువ, రాత్రికి ఉండదు. ఆ హెచ్చుతగ్గులకు తట్టుకునేవి కావాలి.

అయితే ఈ పేరుతో డిగ్రీ ఏదీ ఉండదు, దారి పొడుగు. తిరుపతి ఐసర్‌ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థ)లో బీఎస్-ఎంఎస్ ఐదేళ్లు, ఆపైన పీహెచ్‌డీ మరో ఐదేళ్లు అనుకోండి. లేదంటే బీఎస్సీ చేసి, జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలో ఎంఎస్సీకి వెళ్లవచ్చు. పీహెచ్‌డీలో ఊరికే కూర్చోబెట్టరు. జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన హెచ్‌ఆర్‌ఏ. హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో, ఐఐటీ మద్రాసులో ఉత్ప్రేరకాల మీద పని బాగా జరుగుతోంది.

నాలుగేళ్లకే జీతం ఇంటికి రావాల్సిన పరిస్థితి అయితే మొహమాటం లేకుండా అమ్మాయికి చెప్పండి. అప్పుడు ఈఏపీసెట్ ద్వారా ఆంధ్రా యూనివర్సిటీలో కెమికల్ ఇంజనీరింగ్ మంచిది. రిఫైనరీలు, ఎరువులు, ఫార్మా ఫ్యాక్టరీలు తీసుకుంటాయి, రీసెర్చ్ తలుపూ మూసుకుపోదు.

ఒకటి మాత్రం గమనించండి. ల్యాబ్‌లో టైట్రేషన్ ప్రయోగం చేసేటప్పుడు రీడింగ్ కుదరకపోతే మళ్లీ చేస్తుందా, పక్కవాళ్ల విలువ రాసేస్తుందా? మళ్లీ చేసే పిల్లయితే నేను ఐసర్ వైపే మొగ్గుతాను. దానికి ఈఏపీసెట్ ర్యాంకు పనికిరాదు, ఐఏటీ అనే వేరే పరీక్ష రాయాలి. కాలేజీలో చెబుతారని ఎదురుచూడకుండా, నోటిఫికేషన్ రాగానే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మీరే అప్లికేషన్ నింపించండి.