వెనుక కమాన్లు కుంగిన పాత వాహనం: మరమ్మతుకు ఎంత పెట్టాలి, ఏ డబ్బు పెట్టాలి?

ప్రశ్న: నా దగ్గర 20 ఏళ్లు దాటిన ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనం ఉంది. ఎక్కువగా కొండదారుల్లో, మట్టిబాటల్లో తిప్పుతుంటాను. ఈమధ్య వెనుక భాగం బాగా కుంగింది. గుంతల్లో దిగినప్పుడల్లా యాక్సిల్ పైకి కొట్టుకుంటోంది. కమాన్లలో, అంటే వంపు తిరిగిన ఉక్కు పట్టీలను పేర్చి బిగించిన కట్టల్లో (లీఫ్ స్ప్రింగుల్లో), అదనంగా ఒక పట్టీ వేస్తే చాలని ఒక మెకానిక్, పాత కమాన్లకే మళ్లీ వంపు తీయించమని ఇంకొకరు, కొత్త కట్టలు వేయడం తప్ప దారి లేదని మరొకరు చెబుతున్నారు. నాలుగు నెలల ఇంటి ఖర్చులకు సరిపోయే అత్యవసర నిధి తప్ప నాకు వేరే పొదుపు లేదు. ఆ నిధిని వాడాలా, అప్పు చేయాలా, లేక వాహనాన్నే అమ్మేయాలా? నాకైతే ఇంకో ఐదేళ్లు ఉంచుకోవాలని ఉంది.

జవాబు: ముందుగా నా అభిప్రాయం చెబుతాను. పట్టీల్లో పగులు లేదని తేలితే మీకు తొందర లేదు. అప్పుడు అత్యవసర నిధిని ముట్టుకోకండి, అప్పు కూడా చేయకండి. వాహనం మీద బరువు తగ్గించి కొన్ని నెలలు జాగ్రత్తగా నడుపుతూ, ఈ పనికోసమే విడిగా డబ్బు కూడబెట్టి, రెండు వైపులా కొత్త కట్టలు వేయించుకోండి. పగులు ఉందని తేలితే మాత్రం లెక్క మారుతుంది, ఆ సంగతి తర్వాత చెబుతాను. కాబట్టి మీ మొదటి ఖర్చు విడిభాగాల మీద కాకుండా పరీక్ష మీద పెట్టాలి.

ఈ పరీక్షకు పెద్దగా ఖర్చు కాదు, అందులో కొంత మీరే చేసుకోవచ్చు. వాహనాన్ని ఖాళీగా, సమతలమైన నేల మీద నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, వెనుక చక్రం మధ్య నుంచి దానిపైన ఉన్న మడ్‌గార్డ్ అంచు వరకు రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ దాదాపు సమానంగా తగ్గి ఉంటే ఉక్కు అలసిపోయి వంపు పోయిందని అనుకోవచ్చు. ఒకవైపే బాగా తగ్గి ఉంటే విరిగిన పట్టీ, అరిగిపోయిన బుష్ (కమాను చివరి కన్నులో ఉండే తొడుగు), తిరగబడిన షాకిల్ (కమాను ఒక చివరను వాహనం చట్రానికి, అంటే చాసిస్‌కు, కలిపే ఊగే లింకు), తెగిన సెంటర్ బోల్టు (పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి ఉంచే బోల్టు) వంటి వాటిలో ఏదో ఒకటి కారణమై ఉండే అవకాశం ఎక్కువ. వీటిలో బుష్, షాకిల్, సెంటర్ బోల్టు లోపాలను సరిచేయడానికి కట్ట మొత్తం మార్చే ఖర్చు కావలసిన పని లేదు. షాక్ అబ్జార్బర్లు మారిస్తే ఎత్తు వస్తుందని ఎవరైనా చెబితే దానికి డబ్బు పెట్టకండి. వాహనం ఊగిసలాటను అణచడమే మామూలు షాక్ అబ్జార్బర్ పని, బరువును మోసేది కమాన్లే.

ఇక మూడు సలహాల సంగతి చూద్దాం. వీటిని బిల్లు మొత్తాన్ని బట్టి పోల్చకుండా, మీరు వాహనం ఉంచుకోబోయే కాలంలో ఏడాదికి ఎంత పడుతుందో చూసి పోల్చాలి. రెండు కొత్త కట్టలు, కొత్త యూ-బోల్టులు (కట్టను యాక్సిల్‌కు బిగించే U ఆకారపు బోల్టులు), బుష్‌లు, కూలి అన్నీ కలిపి 100 పాళ్లు అవుతుందని ఉదాహరణకు అనుకుందాం. పాత కమాన్లకు వంపు తీయించి మళ్లీ బిగించడానికి 55 పాళ్లు అవుతుందనుకోండి. చూడగానే రెండోది దాదాపు సగం ధరకే వస్తున్నట్టు ఉంటుంది. అయితే ఆ వంపు మూడేళ్లే నిలిచి మళ్లీ కుంగితే ఐదేళ్లలో మీరు రెండుసార్లు చేయించాలి. అప్పటికి మొత్తం 110 పాళ్లు, అంటే ఏడాదికి 22 పాళ్లు ఖర్చవుతుంది. కొత్త కట్టలు ఐదేళ్లూ నిలిస్తే ఏడాదికి 20 పాళ్లతో సరిపోతుంది, పైగా అమ్మే రోజుకు వాటిలో ఇంకా సత్తువ మిగిలే ఉంటుంది. మీరు రెండు మూడేళ్లలో వాహనాన్ని వదిలేసేవారైతే ఇదే లెక్క పూర్తిగా తిరగబడి, వంపు తీయించడమే లాభంగా తేలుతుంది. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవే కనుక, మీకు అందిన అంచనాలను వాటి స్థానంలో పెట్టి చూసుకోండి.

చౌక మార్గాలు అంత లాభసాటిగా ఎందుకు తేలవో కూడా ఈ లెక్కలోనే ఉంది. ఏ మార్గం ఎంచుకున్నా వాహనాన్ని పైకి లేపి, తుప్పు పట్టిన బోల్టులు విప్పి, కట్టను దింపి, తిరిగి ఎక్కించే కూలి ఒకటే. యూ-బోల్టులు ఒకసారి బిగించాక సాగుతాయి కనుక, విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. అందుకే చౌక పని విఫలమైనప్పుడు పోయేది ఆ పనికి పెట్టిన డబ్బు మాత్రమే కాదు, కూలీ బోల్టుల ఖర్చూ రెండోసారి మీద పడతాయి.

వంపు తీయించే పనిలో ఒక ప్రశ్న మీద మీ నిర్ణయమంతా ఆధారపడి ఉంటుంది. పట్టీలను చల్లగానే కొట్టి వంచుతారా, లేక ఎర్రగా కాల్చి వంచి, నూనెలో ముంచి గట్టిపరచి, మళ్లీ తగిన వేడిమి దగ్గర ఉంచి పెళుసుదనం తగ్గిస్తారా అని అడగండి. మొదటి పద్ధతిలో వచ్చిన వంపు త్వరగా పోవచ్చు. రెండోది సరిగ్గా చేసే చోట చాలాకాలం నిలుస్తుంది, అలాంటి చోట రాతపూర్వకమైన హామీ కూడా ఇస్తే పైన చెప్పిన లెక్కను మళ్లీ వేసుకోవడం న్యాయం. అయినా 20 ఏళ్ల పట్టీల మధ్య తుప్పు పేరుకుని, ఉపరితలం గుంటలు పడి ఉంటే నేను ఆ దారి సూచించను. పగుళ్లు ఆ గుంటల దగ్గరే మొదలవుతాయి, వంపు తిరిగి వచ్చినంత మాత్రాన గుంటలు పోవు.

అదనపు పట్టీ వేయడం మీరు విన్న మూడింటిలో తక్కువ ఖర్చుతో అయ్యే పని, కొన్ని సందర్భాల్లో సరైన పని కూడా. కట్ట ఆరోగ్యంగానే ఉండి, మీరు శాశ్వతంగా మోసే బరువు కొంచెం పెరిగిన కారణంగా మాత్రమే వెనుక భాగం దిగి ఉంటే అది చాలు. అలసిపోయిన కట్టలో దాన్ని చేర్చినప్పుడు మాత్రం కొత్త పట్టీ తన వాటాకు మించిన బరువు మోస్తుంది. పట్టీ బిగుతు (బరువుకు వంగకుండా నిలిచే గట్టిదనం) దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, అంటే మందం రెట్టింపైతే బిగుతు ఎనిమిది రెట్లవుతుంది కాబట్టి, లావుపాటి పట్టీ వేసిన వాహనం ఖాళీగా వెళ్లేటప్పుడు గట్టిగా ఎగిరి పడుతుంది. పొడవైన షాకిల్ వేయమనే సలహా కూడా మీకు ఎదురుకావచ్చు. షాకిల్ కమాను ఒక చివరనే ఉంటుంది కనుక, దాన్ని 50 మిల్లీమీటర్లు పొడిగిస్తే వాహనం లేచేది సుమారు 25 మిల్లీమీటర్లే. పైగా యాక్సిల్ కోణం మారి ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని యాక్సిల్‌కు అందించే కడ్డీ) జాయింట్లలో అదురు మొదలైతే ఇంకో మరమ్మతు తోడవుతుంది. కుంగిన కమాను అప్పటికీ కుంగినట్టే ఉంటుంది కాబట్టి దీన్ని మరమ్మతు కింద నేను లెక్కించను. గాలి సంచులు (చాసిస్‌కూ యాక్సిల్‌కూ మధ్య బిగించి గాలి నింపే రబ్బరు సంచులు) అప్పుడప్పుడూ మోసే అదనపు బరువుకు పనికొస్తాయి. చచ్చిన కమాన్లకు బదులుగా వాటిని వాడితే బరువంతా చాసిస్‌లో ఒక్క చోట పడి అక్కడ పగులు రావచ్చు, చాసిస్ పగిలిన పాత వాహనంలో మీ డబ్బు దాదాపు అంతా పోయినట్టే.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది మీ అసలు ప్రశ్న. అత్యవసర నిధి ఆదాయం ఆగిపోయినప్పుడు, ఆరోగ్యం దెబ్బతిన్నప్పుడు, ముందుగా ఊహించలేని నష్టం వచ్చినప్పుడు వాడుకునేది. 20 ఏళ్ల వాహనంలో కమాన్లు అలసిపోవడం ముందే తెలిసిన ఖర్చు, దాని తర్వాత క్లచ్, రేడియేటర్, స్టీరింగ్ జాయింట్లు కూడా ఒక్కొక్కటిగా వస్తాయి. అందుచేత ఇప్పుడే వాహనం పేరుతో వేరే ఖాతా తెరిచి, 100 పాళ్ల అంచనాను ఆరు నెలలకు పంచుకుని నెలనెలా జమ చేయండి. ఈ పని అయ్యాక కూడా కొంత తక్కువ మొత్తంతో ఆ జమను కొనసాగించండి. ఆరు నెలల్లో ఆ మొత్తం పోగవదని మీకు ముందే అనిపిస్తే, కమాన్ల మాట పక్కన పెట్టి ఈ వాహనాన్ని పోషించే స్తోమత మీ నెలసరి ఆదాయానికి ఉందా అని ఆలోచించాలి.

ఆగే ఆ ఆరు నెలల్లో మీరు చేయగలిగిన మంచి పని ఒకటుంది, దానికి ఖర్చేమీ లేదు. వెనుక మోస్తున్న ప్రతి వస్తువునూ తూచి రాసుకోండి. ఇనుప బంపర్, రెండో స్పేర్ టైరు, పైకప్పు రాక్, పనిముట్ల పెట్టె, నీళ్ల క్యాన్లు కలిపితే వచ్చే మొత్తం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. నీళ్లు లీటరుకు కిలో, డీజిల్ లీటరుకు కిలోలో ఐదింట నాలుగు వంతులకు కొంచెం ఎక్కువ తూగుతాయి. అక్కరలేనివి దింపేస్తే ఉన్న కమాన్లకు ఊపిరి పోసినట్టవుతుంది, కొత్త కట్టలు ఆర్డర్ చేసేటప్పుడు నిత్యం ఉండే బరువెంతో కచ్చితంగా చెప్పగలుగుతారు. ఏడాదికి ఒకసారి మోసే గరిష్ఠ బరువును చెప్పి బిగుతైన కట్టలు కొనుక్కుంటే, మిగతా రోజులన్నీ వాహనం కఠినంగా నడుస్తుంది, ఎగుడుదిగుడు దారిలో చక్రాలు నేలను సరిగా పట్టవు.

అయితే ఆగడానికి ఒక హద్దుంది. ఏ పట్టీలోనైనా, ముఖ్యంగా రెండు చివరలా కన్నులున్న పైపట్టీలో, పగులు కనిపిస్తే వాహనాన్ని ఆ రోజే ఆపేయండి. ఆ పట్టీ తెగితే యాక్సిల్ తన చోటు నుంచి జరిగిపోతుంది. వాహనం మీ సంపాదనకు ఆధారమైతే అప్పుడు అత్యవసర నిధి నుంచి తీసుకోవడం సమంజసమే, తీసుకున్న మొత్తాన్ని ఏ నెలకల్లా తిరిగి నింపుతారో అదే రోజు రాసిపెట్టుకోండి. సరదా ప్రయాణాలకే వాడుతుంటే డబ్బు కూడేవరకు అది షెడ్డులోనే ఉండనివ్వండి. అప్పు చివరి దారి. తప్పనిసరై తీసుకున్నా ఏడాదిలోపు తీరేలా చూసుకోండి, వేయించిన కమాన్లు అరిగిపోయాక కూడా వాయిదాలు కడుతూ ఉండే స్థితి రాకూడదు. సహజంగా వచ్చే అరుగుదలకు వాహన బీమా సాధారణంగా డబ్బు ఇవ్వదు కాబట్టి ఆ వైపు ఆశ పెట్టుకోకండి. వాహనం ఎత్తు పెంచే మార్పు ఏదైనా చేయిస్తే మాత్రం అది నిబంధనలకు లోబడే ఉందో లేదో ముందే కనుక్కుని, బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయండి, లేకపోతే రేపు ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్‌కు అడ్డంకి రావచ్చు.

అమ్మడం గురించి కూడా అడిగారు. మరమ్మతు ఖర్చును వాహనం అమ్మకపు ధరతో పోల్చి భయపడకండి. పోల్చవలసింది, దీన్ని అమ్మితే వచ్చే డబ్బుకు ఎంత కలిపితే ఇలాంటి పనికి పనికొచ్చే ఇంకో వాహనం దొరుకుతుందన్న మొత్తంతో. చాసిస్, ఇంజిన్, గేర్‌బాక్స్ బాగుంటే ఆ పోలికలో కొత్త కమాన్లే గెలుస్తాయి. చాసిస్‌కు తుప్పు లోతుగా పట్టి ఉంటే కమాన్ల మీద ఒక్క పైసా కూడా పెట్టకుండా, లోపాన్ని కొనేవారికి చెప్పి అమ్మేయండి.

అంచనా తీసుకునేటప్పుడు రెండు వైపులా కట్టలు, యూ-బోల్టులు, బుష్‌లు, షాకిల్ పిన్నులు, కొంత దూరం నడిచాక బోల్టులను మళ్లీ బిగించే పని, అన్నిటినీ ఒకే కాగితం మీద రాయించుకోండి. కొన్ని పాత వాహనాల్లో వెనుక ఎత్తును బట్టి వెనుక బ్రేకులకు ఒత్తిడిని పెంచే తగ్గించే వాల్వు ఉంటుంది. వెనుక భాగం కుంగితే అది బండిలో బరువుందనుకుని ఒత్తిడి ఎక్కువ పంపుతుంది, తడి రోడ్డు మీద వెనుక చక్రాలు ముందే బిగుసుకుపోవడానికి అదొక కారణం. మీ వాహనంలో అది ఉంటే, కొత్త ఎత్తుకు తగ్గట్టు దాన్ని సరిచేయించడం, హెడ్‌లైట్లను సర్దించడం కూడా ఆ అంచనాలోనే చేర్పించండి.