మూసీ నీటిపై పరిశోధన అంటే అంత భయమెందుకు?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా కేతేపల్లి మండలం. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న మా అమ్మాయి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివి, మూసీ నీటిలోని హానికర బ్యాక్టీరియాపై పరిశోధన చేస్తానంటోంది. జన్యు సమాచారాన్ని విశ్లేషించే బయోఇన్ఫర్మాటిక్స్ అయితే కంప్యూటర్ ముందు కూర్చునే పని కదా అని మా ఆలోచన. రెండింటిలో ఏది మేలు? – ఒక తండ్రి

జవాబు: మీరు కోర్సులను పోల్చమన్నారు గానీ, అమ్మాయి ఆ మురికినీళ్లు ముట్టుకుంటుందన్నదే మీ అసలు బెంగ. హైదరాబాద్ మురుగును మోసుకొచ్చి వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే ఆ నదీజలాన్నే కాలువల ద్వారా పొలాలకు పారించుకొని, నాట్లు వేసే ఆడవాళ్లను వట్టి కాళ్లతో మడిలోకి దించే మనం, గ్లౌజులు తొడుక్కొని క్రిములు బయటకు రాకుండా ఆపే బయోసేఫ్టీ క్యాబినెట్ ముందు పనిచేసే పిల్లను చూసి భయపడటం, ఏమీ అనుకోకండి, న్యాయం కాదు. జన్యువులను గుర్తించే పీసీఆర్ పరీక్ష దగ్గరకు వచ్చేసరికి చేతిలో ఉండేది బ్యాక్టీరియా నుంచి వేరుచేసిన డీఎన్ఏ మాత్రమే. బ్యాక్టీరియాను సజీవంగా పెంచే దశలో జాగ్రత్త తప్పనిసరి. ఆ జాగ్రత్తను నేర్పేదే ఈ చదువు.

బయోఇన్ఫర్మాటిక్స్‌ను నేను తీసిపారేయను. నీటి నమూనాలోని డీఎన్ఏ మొత్తాన్ని ఒకేసారి పరిశీలించే మెటాజీనోమిక్స్ అది లేకుండా సాగదు. అయితే ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సుల ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు ఒక సందేహం కలుగుతుంది. తెర మీద షిగా టాక్సిన్ అనే విషపు జన్యువు ఎస్‌టీఎక్స్2 కనిపించినంత మాత్రాన ఆ నీటిలో ప్రమాదకరమైన ఈ.కోలై బ్యాక్టీరియా బతికి ఉన్నట్టు కాదు. అది చచ్చిన కణం తాలూకు డీఎన్ఏ కావచ్చు, బ్యాక్టీరియాకు సోకే ఫేజ్ అనే వైరస్ మోసుకొస్తున్నదీ కావచ్చు. కలరా విషపు జన్యువులను కూడా ఒక ఫేజే ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి చేరవేస్తుందని 1996లో తేలింది. సంగతి తేలాలంటే నమూనాలోని బ్యాక్టీరియాను పోషకాలున్న ప్లేట్ల మీద పెంచి, అక్కడ గుంపులుగా ఎదిగే కాలనీలను వేరుచేసి, వాటిలో ఆ జన్యువు ఉన్నదీ లేనిదీ, విషం తయారవుతున్నదీ లేనిదీ పరీక్షించే చేయి తిరిగిన మనిషి కావాలి. ఆ పని ఎన్నడూ చేయనివారు తెర మీది ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలో ఎలా చెప్పగలరు?

తెలంగాణలో పీజీ ప్రవేశ పరీక్ష అయిన సీపీగెట్ వివరాలు మీ అమ్మాయికి తెలిసే ఉంటాయి. ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్‌లోనూ, నీటి పరీక్షల ల్యాబ్‌లలోనూ మైక్రోబయాలజీ వారికి పని ఉంది. తొలి జీతం పెద్దగా ఉండదని ముందే చెబుతున్నాను. పరిశోధనే లక్ష్యమైతే జాతీయ అర్హత పరీక్ష నెట్ రాయాలి. ఎమ్మెస్సీ చేస్తూనే బయోఇన్ఫర్మాటిక్స్‌లో వాడే ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలు నేర్చుకోవచ్చు కాబట్టి మీరు ఊహించినంత పెద్ద గోడ ఈ రెండింటి మధ్య లేదు.

కాలేజీ ఎంచుకునే ముందు మాత్రం అక్కడి పీసీఆర్ యంత్రం మీద విద్యార్థులు స్వయంగా పనిచేస్తారా, లేక దాన్ని తాళం వేసిన గదిలో ఉంచి చూపిస్తారా అని సీనియర్లను అడగమనండి. వీలైతే మీరూ వెంట వెళ్లి ఆ ల్యాబ్‌ను ఒకసారి చూసి రండి.